ఊదాపువ్వుల మీద మిస్ పెటిఫర్ మోజు

చిన్నప్పుడు ఏమస్ థర్కెల్ ఆ ఉద్యానవనాన్ని ఇనపకమ్మీల సందుల్లోంచే చూశాడు. ఊటనీళ్లు తాగి రోగాలు పోగొట్టుకోవడానికి వచ్చే పెద్దింటివాళ్లకే అప్పట్లో లోపలికి ప్రవేశం. బాణసంచా వాళ్లది, బ్యాండు వాళ్లది. పొగా చప్పుడూ మాత్రం ఊరందరివీ. తర్వాత పురపాలకసంఘం తోటను కొని గేట్లు బార్లా తెరిచింది. ఆ ఏడే ఏమస్ చక్రాల కుర్చీ తోసే పనిలో చేరాడు. రొమ్ము మీద ఆ పనికి అనుమతిగా ఇచ్చిన ఇత్తడి బిళ్ల తగిలించుకుని దర్జాగా లోపలికి నడిచాడు.

అది ముప్ఫై నాలుగేళ్ల కిందటి మాట. ఇప్పుడు 1911. ఏమస్‌కు అరవై దాటాయి, కుడి మోకాలు మొరాయిస్తోంది. సరిగ్గా ఇప్పుడే పురపాలకసంఘానికి కొత్త రూలు తోచింది. అరవై దాటినవాళ్లు కుర్చీలో మనిషిని పెట్టుకుని, ఊట దగ్గర్నుంచి గుట్టమీది బ్యాండు మండపం దాకా ఎక్కడా ఆగకుండా తోసి చూపించాలట. ఆగితే బిళ్ల లాగేసుకుంటారు. బిళ్ల పోతే, నా అన్నవాళ్లు లేని ఏమస్‌కు మిగిలేది ముసలివాళ్ల అనాథాశ్రమమే.

పరీక్షకు కుర్చీలో కూర్చున్నది అతను రోజూ తోసే మిస్ పెటిఫర్. ఆవిడ ఎవర్నీ పెళ్లాడలేదు, ఎవర్నీ మెచ్చుకోనూ లేదు. పదకొండేళ్లలో ఆవిడ నోట ఒక్క మంచిమాట వినలేదు ఏమస్. ఈవిడే నా కొంప ముంచుతుంది అని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

పురపాలకసంఘం ఇన్‌స్పెక్టర్ గ్రైస్ గడియారం తీసి, "ఊఁ, కానీ తాతా" అన్నాడు.

ఈ కుర్చీలు వెనకనుంచి తోసేవాడి బలంతో నడుస్తాయి గానీ, ముందు చక్రాన్ని తిప్పే పొడుగాటి పిడి కూర్చున్నవాళ్ల చేతిలో ఉంటుంది. ఎత్తు మొదలవగానే ఏమస్ మోకాలు కలుక్కుమంది. ఇంక అయిపోయిందనుకున్నాడు. అంతలో మిస్ పెటిఫర్ పిడిని ఎడమకు తిప్పింది.

"అమ్మగారూ, దారి అటు కాదండీ!"

"నాకు తెలుసులేవోయ్. ఆ ఊదాపువ్వులు చూడాలి" అని ఆవిడ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

దారి బాగా వెడల్పు. కుర్చీ ఏటవాలుగా పోయేసరికి ఎక్కే శ్రమ సగానికి సగం తగ్గింది. అంచుదాకా వెళ్లాక ఆవిడ పిడిని కుడికి తిప్పింది. "ఇప్పుడా పసుపువి."

"ఏంటండీ ఈ పాము మెలికలు? తిన్నగా పోనివ్వండి!" అన్నాడు గ్రైస్.

"ఆగకూడదనేగా మీ రూలు? తిన్నగా పోవాలని ఎక్కడ రాశారు? పువ్వులు చూడకపోతే ఇక్కడికి మీ మొహం చూడ్డానికొచ్చామా?"

గ్రైస్ గడియారం చూసుకుంటూ వెనకే నడిచాడు. ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. ఆ రోజు తోటలో ఆవిడ మెచ్చుకోని పువ్వు లేదు. మోకాలు కలుక్కుమంటూనే ఉంది, కుర్చీ మాత్రం ఆగలేదు. మండపం మెట్ల దగ్గర గ్రైస్ కాగితం మీద సంతకం గీకి, చెమట తుడుచుకుంటూ దిగిపోయాడు.

ఏమస్‌కు గుండెల మీంచి బండ దించినట్టయింది. కళ్లు తడిశాయి, నవ్వూ ఆగలేదు.

"మీకు పువ్వులంటే ఇంతిష్టమని నాకు తెలీదమ్మగారూ!"

మిస్ పెటిఫర్ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది.

"ఇష్టమా, నా మొహమా! మూడేళ్లనుంచీ నీ మోకాలు టకటకమంటుంటే నాకు బ్యాండు వినబడి చస్తేగా! అయినా కొత్తవాడొస్తే వాడి కబుర్లకి అలవాటు పడాలి. ఈ వయసులో నావల్ల కాదు." ముక్కు తుడుచుకుని పిడి మళ్లీ పట్టుకుంది. "రేపట్నుంచీ రోజూ ఎడమకే తిప్పుతాను. దారి అటు కాదని అన్నావో, ఊరుకోను."