కారిడార్‌లో మాట్లాడిన మనిషి

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. అది గుణమో జబ్బో మా ఆయన ఇంకా తేల్చలేదు. పెళ్లయి అమెరికాలోని అరోరా వచ్చిన కొత్తలో నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు. మా ఆయన పొద్దున్నే హైవే ఎక్కితే చీకటి పడ్డాకే ఇంటికి వచ్చేవాడు. కిటికీలోంచి పార్కింగ్ లాట్‌లో మంచు తోసే బండిని చూస్తూ ఒక చలికాలం గడిపాను. రెండో చలికాలానికి మనుషుల మీద అరవడం మొదలుపెట్టాను. మనుషులంటే ఎంతమంది, ఉన్నది ఆయనొక్కడే.

"నువ్వు గిట్లనే ఇంట్ల కూసుంటే ఇద్దరికీ పిచ్చి లేస్తది. ఏదన్న క్లాస్‌ల జాయిన్ అవ్" అన్నాడు ఒకరోజు. మాది కరీంనగర్ వైపు. ఇంట్లో మా మాట అట్లాగే ఉంటుంది.

బస్సు మా వీధి చివర ఆగుతుంది కాబట్టి ఆ కాలేజీ, మంగళవారం మధ్యాహ్నం కాబట్టి ఆ క్లాసు. రేడియో చరిత్ర. చెప్పేది ఫ్రాన్సు నుంచి కొన్నేళ్ల పని మీద వచ్చిన ప్రొఫెసర్. యాభై దాటిన మనిషి, మోచేతుల దగ్గర అరిగిన స్వెటర్. ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు చిన్నగా దగ్గి, కాసేపు ఆగేవారు. ఆ దగ్గు వినపడగానే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి పెన్ను పట్టుకునేవాళ్లు.

ఆయన చరిత్రలో రాజులూ మంత్రులూ పెద్దగా ఉండేవారు కాదు. పాత రేడియోల్లో సంత ధరలు చదివినవాళ్లు, వాన కబురు చెప్పినవాళ్లు, పండగ రోజు పాట పాడిన పల్లెటూరి ఆడవాళ్లు, వీళ్ల గొంతులు టేపుల మీద మోసుకొచ్చేవారు. మాకెవరికీ రాని భాషల్లో వినిపించేవారు. కళ్లు మూసుకుని వినడం, ఎక్కడ గొంతు అరువు తెచ్చుకున్నట్టు అనిపిస్తే అక్కడ వేలెత్తడం, అదే మాకు పరీక్ష. తొలినాళ్లలో కొందరు అనౌన్సర్లు చూసేవాళ్లు లేకపోయినా కోటు తొడుక్కుని మైకు ముందు కూర్చునేవారట. "ఒంటి మీది కోటు పోయింది. గొంతుకున్న కోటు మాత్రం అలాగే ఉంది" అనేవారు.

కాలేజీకి ఒక చిన్న రేడియో స్టేషన్ ఉండేది, లైబ్రరీ కింద. శనివారం పొద్దున ఒక గంట ఖాళీగా ఉందని, ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఉన్నారా అని నన్ను అడిగారు. ఆదివారం గుడి దగ్గర పార్కింగ్ దొరికితే చూడండి, మీకే తెలుస్తుంది అన్నాను. అయితే ఆ గంట మీది అన్నారు. జీతం లేదు, కాబట్టి వీసాకు అడ్డం లేదు. ఆ రాత్రి నేనూ మా ఆయనా పాయసం వండుకున్నాం.

మా ఇళ్లలో రేడియో అంటే పొద్దుటి వార్తలు. మైకు ముందు కూర్చుంటే ఆ వార్తలు చదివే గొంతుతోనే మాట్లాడాలని మాలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్లిపందిట్లో మైకు చేతికిచ్చినా మా మేనమామ వెంటనే వార్తలు చదివేవాడు. నేనూ అదే చేశాను. "శ్రోతలందరికీ నమస్సుమాంజలి, నేటి మన కార్యక్రమమునకు స్వాగతము" అని రాసుకుని స్నానాల గదిలో వారం పాటు సాధన చేశాను. నా జన్మలో అంతకు ముందు ఎవరికీ నమస్సుమాంజలి చెప్పి ఎరగను.

మొదటి రికార్డింగు రోజు భయం ఆపుకోలేక స్టూడియో బయట కారిడార్‌లో నిలబడి, ఫోన్ కార్డు గీకి, ఊళ్లో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, గిప్పుడు లోపటికి పోతున్న. బయమైతున్నది. నవ్వకక్కా! నీకేంది, ఆడ కూసొని నవ్వుతవ్. ఈడ నా పానం పోతున్నది" అని, తిట్టి, నవ్వి, ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లాను.

ఎర్ర లైటు వెలిగింది. చదివాను. అద్దం అవతల ప్రొఫెసర్ కళ్లు మూసుకుని కూర్చున్నారు. నమస్సుమాంజలి దగ్గర లేచిన వేలు ఇక దిగలేదు. పేజీ అయ్యాక ఆయన దగ్గు నా హెడ్‌ఫోన్‌లో వినపడింది.

"మేడమ్, ఇందాక కారిడార్‌లో ఒకావిడ మాట్లాడుతున్నారు. వెళ్లిపోయారా?"

"అది నేనే, ప్రొఫెసర్."

"నాకలా అనిపించడం లేదు. దయచేసి ఆవిడని లోపలికి పిలవండి. ఇప్పుడు చదివినావిడని కాసేపు కారిడార్‌లో ఉండమనండి."

నాకు ఒళ్లు మండింది. వారం రోజుల సాధన. "మీకు తెలుగు వచ్చా?" అన్నాను కాస్త గట్టిగానే.

"రాదు. అందుకే బాగా వినపడుతోంది."

అది ఇంటి మాట, రేడియోలో అట్లా మాట్లాడితే నవ్వుతారు అన్నాను. ఎవరు నవ్వుతారు అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర పెద్ద జవాబే ఉంది. హైదరాబాద్ హాస్టల్లో మొదటి రోజు నేను నోరు తెరవగానే గదిలో పిల్లలు ఆ మాట మళ్లీ అనమని, మళ్లీ మళ్లీ అనిపించుకుని నవ్వారు. ఆ నెలలోనే నేను రెండో గొంతు నేర్చుకున్నాను. బ్యాంకులో, బస్సులో, పెళ్లిచూపుల్లో అదే వాడాను. ఇదంతా ఆయనకు ఇంగ్లిష్‌లో చెప్పడం నాకు రాలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టాను. కళ్లు మూసుకుని, ఎదురుగా అక్క కూర్చుందనుకున్నాను.

"మంచిగున్నరా అందరు? బయట సలి సంపుతున్నది. చాయ్ పెట్టుకొని కూసోండ్రి, ముచ్చట వెడదాం."

శనివారం అది గాల్లోకి వెళ్లింది, ఆ వెంటనే స్టూడియోలోంచి నేను ఫోన్లు తీసుకోవడం మొదలుపెట్టాను. మొదటి ఫోన్ పక్క ఊరు నేపర్‌విల్ నుంచి ఒక ఆంటీది. "అమ్మాయ్, ప్రోగ్రామ్ బావుంది గానీ, రేడియోలో కాస్త మంచి తెలుగు మాట్లాడొచ్చుగా?" నేను భూమిలోకి కుంగిపోయాను. అద్దం అవతల ప్రొఫెసర్‌కి ఏమీ అర్థం కాలేదు, చేయి ఊపుతూ నవ్వుతున్నారు. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చిందో, కోపం వచ్చిందో. "గిది మంచి తెలుగే ఆంటీ. మా అమ్మ నేర్పింది" అన్నాను.

రెండో ఫోన్ ఒక రిటైరైన డాక్టర్ గారిది. వరంగల్ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ మనిషి.

"బిడ్డా, రేడియోల మన మాట ఎన్నడన్న ఇన్ననా అని యాది చేస్కుంటున్న" అన్నారు. "ఇనలే బిడ్డా. ఇయ్యాలనే."

నేను పాట వేసి, మైకు ఆపి ఏడ్చాను. ప్రొఫెసర్ లోపలికి వచ్చి నీళ్ల గ్లాసు పెట్టి వెళ్లారు. ఎందుకని అడగలేదు.

ఆంటీ ఆ తర్వాత ప్రతి శనివారం ఫోన్ చేసి అదే ఫిర్యాదు చేసేది. మా పాప పుట్టినప్పుడు నేను కొన్ని వారాలు రాకపోతే మాత్రం, స్టేషన్‌కి ఫోన్ చేసి "ఆ మంచి తెలుగు రాని పిల్ల ఏదీ?" అని అక్కడున్న అమెరికా కుర్రాణ్ణి దబాయించిందట. పురిటికి గోంగూర పచ్చడి తెచ్చింది కూడా ఆవిడే. ఆ రేడియో నాకు ఇచ్చిన బంధువుల్లో ఆవిడ మొదటిది.

పాపకు మాటలొచ్చే వేళకు ప్రొఫెసర్ పని కాలం అయిపోయి వాళ్ల ఊరు వెళ్లిపోయారు. అక్కడి రేడియోలో ఆయనకు సాయంత్రం కార్యక్రమం ఇచ్చారు. అంతకాలం ఇతరుల గొంతుల చరిత్ర రాసిన మనిషి తానే మైకు ముందు కూర్చున్నారు. వాళ్ల సాయంత్రం మాకు మధ్యాహ్నం. కంప్యూటర్‌లో పెట్టుకుని చపాతీలు ఒత్తుతూ వినేదాన్ని. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. ఆ దగ్గు, ఆ తర్వాతి నిశ్శబ్దం, ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆయన ఓపిక, అవి అర్థమయ్యేవి. రొట్టెలు చేసేవాడితోనూ పొలం దున్నేవాడితోనూ ఒకేలా మాట్లాడేవారు. ఆ ప్రాంతంలో అందరూ ఆయన్ని వింటున్నారని తెలిసి, ఏదో మా ఇంటి మనిషికి పేరొచ్చినట్టు పొంగిపోయాను.

కొన్నేళ్లకు, నన్ను ఎన్నికల్లో నిలబడమని జనం అడుగుతున్నారు, ఒప్పుకున్నాను అని మెయిల్ పెట్టారు.

"మీ సారు ఎమ్మెల్యే అయితుండా? ఇగ నిన్ను పట్టలేం" అన్నాడు మా ఆయన.

ఆయన ప్రచార సభ ఒకటి నెట్‌లో పెడితే విన్నాను. వంటింట్లో నిలబడి, చెవుల్లో హెడ్‌ఫోన్స్‌తో. మొదటి వాక్యానికే నా వేలు లేచింది. ఎంతసేపు విన్నా దించలేకపోయాను. దగ్గు లేదు. నిశ్శబ్దం లేదు. ఏ దేశంలోనైనా వేదిక మీద నుంచి వచ్చే గొంతు అది, ఒకే ఎత్తులో, చప్పట్లకు ఖాళీ వదులుతూ.

"అమ్మా, ఫింగర్ ఎందుకు పైకి పెట్టినావ్?" అంది మా పాప.

ఇంకో సభ విన్నాను, అదే గొంతు. నాకు నిజంగా బెంగ పట్టుకుంది. ఆయన గెలవడం ఓడడం గురించి కాదు. నా గొంతు నాకు తిరిగి ఇచ్చిన మనిషి తన గొంతు పోగొట్టుకుంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్లకు మాటలు అర్థమవుతాయి కాబట్టి ఇది వినపడదేమో. చెప్పాలంటే భయం. నాకు అక్కడ ఓటు లేదు, భాష లేదు. కోపం వస్తే ఆయన మళ్లీ నాతో మాట్లాడకపోవచ్చు.

"నీకు ఫ్రెంచ్ వస్తదా? ఎందుకు వెట్టుకుంటవ్" అన్నాడు మా ఆయన.

"రాదు. గందుకే మంచిగ ఇనవడుతున్నది" అన్నాను. అన్నాక ఇక చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆఖరి సభ శుక్రవారం సాయంత్రం. అది మొదలయ్యే ముందే ఫోన్ చేశాను. ఎత్తారు. వెనకాల మనుషుల గోల, గొంతు బొంగురుగా, తొందరగా ఉంది.

"ప్రొఫెసర్, కారిడార్‌లో దగ్గుతూ ఒకాయన నిలబడి ఉండేవారు. వెళ్లిపోయారా? ఆయన్ని లోపలికి పిలవండి" అన్నాను. పొద్దుటి నుంచి ఎన్నోసార్లు అనుకుని చూసుకున్న మాట, గబగబా వచ్చేసింది.

"ఇప్పుడు నాకు టైమ్ లేదు మేడమ్" అని పెట్టేశారు.

బియ్యం డబ్బా పక్కన కూర్చుని ఏడ్చాను. బడికి స్ప్రింగ్ బ్రేక్ సెలవులు కాబట్టి పాప ఇంట్లోనే ఉంది, వచ్చి ఒళ్లో కూర్చుంది. ఒక హెడ్‌ఫోన్ దాని చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకుని సభ విన్నాం. అనుకున్న దానికంటే ఆలస్యంగా మొదలైంది. చప్పట్లు ఆగాయి. ఆయన మొదలుపెట్టలేదు. జనం ఇబ్బందిగా కదులుతున్న చప్పుడు. అప్పుడు చిన్న దగ్గు. మళ్లీ నిశ్శబ్దం. తర్వాత, నేను మంగళవారం మధ్యాహ్నాలు విన్న గొంతు, తక్కువ స్థాయిలో, ఎవరితోనో చాయ్ తాగుతూ మాట్లాడినట్టు.

ఏం చెప్పారో నాకు తెలీదు. హాల్లో ఒకరు నవ్వారు, ఆ తర్వాత అందరూ నవ్వారు.

"అమ్మా, ఫింగర్ డౌన్!" అంది పాప.

ఆదివారం ఆయనే ఫోన్ చేశారు. గెలిచారు. స్వల్ప తేడాతోనట. శుభాకాంక్షలు చెప్పబోతుంటే ఆపి, దగ్గారు.

"ఆ రోజు మీ ఫోన్ పెట్టేశాక కారిడార్‌లోకి వెళ్లాను మేడమ్. నాకూ ఒక అక్క ఉంది, పల్లెలో. ఈ హడావుడిలో పడి ఆమెతో మాట్లాడి చాలాకాలమైంది. ఫోన్ చేశాను. నన్ను తిట్టింది, నేనూ తిట్టాను, ఇద్దరం నవ్వుకున్నాం. సభ ఆలస్యం అందుకే. అట్నుంచి అటే లోపలికి వెళ్లిపోయాను."

ఆ రోజు కారిడార్‌లో నేను ఎవరితో మాట్లాడానో ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. అక్కా అనే పిలుపు ఒక్కటి పట్టుకుని, దాని అర్థం ఎవరినో అడిగి తెలుసుకుని, ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నారు. నాకు ఇంగ్లిష్ అందలేదు.

"సల్లగుండున్రి సారూ. మీరు లేకపోతే నా నోట్లె నా మాటే ఉండకపోవు" అన్నాను.

అవతల చిన్న దగ్గు వినపడింది. "అర్థమైంది మేడమ్" అన్నారు.