తాతయ్య నొక్కిన గడియారం

ఆ దర్జీ తాతయ్యకి చదరంగం పిచ్చి. చొక్కా రేపు ఇస్తానన్న మాట మీద ఏనాడూ నిలబడింది లేదు గానీ, సాయంత్రం మనవరాలితో ఆట మాత్రం తప్పనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు బల్లమీది గడియారం పిల్ల చేతికి అందేది కాదు. పిల్ల ఎత్తు వెయ్యగానే దాని తరఫున కూడా ఆయనే మీట నొక్కేవాడు. అది నొక్కితేనే వేసినవాళ్ల సమయం ఆగి, ఎదుటివాళ్లది కదులుతుంది. పిల్ల ఆయన భుజం దాటి ఎదిగినా ఆ గారాబం పోలేదు. వద్దు మావయ్యా అని కోడలు చెప్పి చెప్పి ఊరుకుంది. పోటీల్లో తనే నొక్కుకుంటోంది కదా అని ఆయన ధీమా.

పదహారేళ్లలోపు జట్టు ఎంపికకి అది ఆఖరి ఆట. గెలిస్తేనే చోటు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. తాతయ్య చూసేవాళ్ల కోసం కట్టిన తాడు ఇవతల కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరి సమయమూ అడుగంటింది. అంతలో మనవరాలు గుర్రాన్ని దూకించి రాజుకీ మంత్రికీ ఒకేసారి గురిపెట్టింది. ఇక గెలుపు చేతికొచ్చినట్టే. ముసలాయన మురిసిపోయాడు. పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, బల్లకేసి చూస్తూ కూర్చుండిపోయింది. మీట నొక్కలేదు.

ఎదుటి కళ్లజోడు పిల్ల గడియారం వైపు ఓరగా చూసి, ఆలోచిస్తున్నట్టు తల దించుకుంది. దాన్ని అనడానికేమీ లేదు, గుర్తు చెయ్యాలని నియమమేదీ లేదు. బయటివాళ్లు సాయం చేస్తే మాత్రం మనవరాలి ఆట పోయినట్టే. దగ్గినా సైగ చేశాడంటారు. తాతయ్య పెదవి కొరుక్కున్నాడు. ఆయన బొటనవేలు తనకి తెలియకుండానే కుర్చీ చేతిని నొక్కుతూనే ఉంది. గడియారంలో మనవరాలి వైపు అంకెలు సున్నాకి వచ్చాయి. కళ్లజోడు పిల్ల చెయ్యెత్తి, సమయం అయిపోయింది, ఆట తనదేనని న్యాయనిర్ణేతని పిలిచింది.

బయట మెట్ల దగ్గర మనవరాలు ఏడవలేదు. ఆయనే, పాడు అలవాటు తనే చేశానని, తనని తిట్టమని బతిమాలాడు.

"నిన్నెందుకు తిడతాను తాతయ్యా? ఆ ఎత్తు దొరికేసరికి మనింట్లో ఆడుతున్నాననుకున్నా. ఆ అమ్మాయి చెయ్యెత్తేదాకా ఎదురుగా ఉన్నది నువ్వు కాదని గుర్తే రాలేదు."

తిట్టినా తట్టుకునేవాడే. ఆ మాటకి మాత్రం మెట్టు మీద కూలబడి, దారిన పోయేవాళ్లు చూస్తున్నా సరే, వెక్కి వెక్కి ఏడ్చాడు.