చిరుత కాదు, కుక్క

ఆ రోజుల్లో సిమెంటు దొరికితే చాలు, ఏ జంతువుకైనా ప్రాణం పోయగలనని నమ్మేవాణ్ణి. ఇరవై ఏళ్ల వయసులో ఆ మాత్రం నమ్మకం లేనివాడు శిల్పం కోర్సులో చేరడు. మా ఆర్ట్స్ కాలేజీ కర్నూలు దాటాక ఓర్వకల్లు వైపు, రాళ్ల గుట్టల పక్కన ఉండేది. (బొమ్మలు చేసుకునేవాళ్లకు ఊరి నడుమ చోటెవరిస్తారు?) రెండో ఏడులో నేనొక కుక్కను చేశాను. పడుకుని తల ఎత్తి చూస్తున్న మామూలు ఊరకుక్క. పసుపు రంగు వేస్తే సరిగా పట్టక ఒళ్లంతా మచ్చలు మచ్చలుగా తేలింది. చెవులు ఇంకొంచెం లేపమని మా సారు చెప్పారు గానీ, నేను విన్లేదు. ఎండకు ఆరుతుందని మిత్రులతో కలిసి మోసుకెళ్లి వెనక గుట్ట మీద బండపై పెట్టి, మెస్సుకు అన్నానికి పోయాను.

మేము సాంబారు పోసుకునేలోపే దారిన పోయేవాళ్లెవరో దాన్ని ఫోనులో వీడియో తీశారు. అది మైకు మామ చేతికి చేరింది. సొంత యూట్యూబ్ చానలు ఉన్న విలేకరి ఆయన. మైకు లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ పేరు. సాయంత్రానికి 'ఆర్ట్స్ కాలేజీ గుట్టపై చిరుత, భయం గుప్పిట్లో విద్యార్థులు' అని వేశాడు. (ఆ సమయానికి విద్యార్థులం క్యారమ్స్ ఆడుతున్నాం.) మర్నాడు పేపర్లు కూడా అందుకున్నాయి. ఒక పేపర్లో చిరుతకు రెండు కూనలు కూడా ఉన్నాయి.

ఇక తల్లిదండ్రులు వరసగా దిగారు. మధ్యాహ్నానికి ఆడపిల్లల హాస్టలు సగం ఖాళీ. నవ్వుకుంటున్న మాకు అప్పుడు గుండె జారింది. అసలే ఆ ఏడు చేరినవాళ్లు తక్కువ, కాలేజీ ఎత్తేయడానికి యాజమాన్యం సాకు వెతుకుతోందని అందరికీ తెలుసు. అటవీ శాఖ వాళ్లు బోనుతో వచ్చారు. వాళ్లలో ఒకాయన కర్రతో మెల్లగా గుట్టెక్కి, చిరుతను పొడిచి, తడిమి చూసి, చేతికంటిన పసుపు రంగు తుడుచుకుంటూ దిగివచ్చాడు.

ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిపించారు. ఆమెది కడప. ఎంత కోపమొచ్చినా గొంతు పెంచని మనిషి.

"ఖండన రాస్తాండా అప్పా. మా విద్యార్థి చేసిన చిరుత బొమ్మ అని రాస్తే సరిపోతాది గదా?"

అప్పుడు నాలో చిన్న యుద్ధమే జరిగింది. నోరు మూసుకుంటే జిల్లాను గడగడలాడించిన చిరుతను చెక్కినవాణ్ణి. నోరు తెరిస్తే, కుక్కను కుక్కలా చేయడం రానివాణ్ణి.

"అది కుక్క మేడం," అన్నాను.

ఆమె కిటికీలోంచి గుట్టవైపు చాలాసేపు చూసి, "నువ్వు చెప్పినావు కాబట్టి నమ్ముతాండా," అన్నారు.

ఉన్నదున్నట్టే రాసి పంపారు. మర్నాడు వచ్చిన వార్త: 'ఆర్ట్స్ కాలేజీలో కుక్కల బెడద'. మిగిలిన ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా బయల్దేరారు.

మేడం ఇంకో ఖండన రాయలేదు. బొమ్మను దించి గేటు ముందు పెట్టించి, విలేకరులను, పిల్లల ఇళ్లవాళ్లను వచ్చి చేత్తో తాకి చూసుకోమని కబురు పెట్టారు. అందరూ వచ్చారు, తాకారు. బనగానపల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ దాన్ని దూడ అనుకుని గంగడోలు కోసం మెడ కింద తడిమింది. నేను పక్కనే నిలబడి తోక నిమురుతూ, నేల చీలితే దూరిపోదామన్నట్టు ఉన్నాను.

అంతలో మైదుకూరు బస్సు దిగి మా నాయన వచ్చాడు. నా బట్టలు సర్దుకుపోవడానికి ఖాళీ సంచి కూడా తెచ్చుకున్నాడు. సేద్యం చేసుకునే మనిషి, ఈ చదువు ఆయనకు మొదటినుంచీ ఇష్టం లేదు. బొమ్మ చుట్టూ తిరిగి, ముందర గొంతుక్కూర్చున్నాడు. మైకు మామ మైకు చాచి, ఇది ఏమిటని మీకు అనిపిస్తోందని అడిగాడు.

"చిరుతకు ఇంత దిగులు మొగం యాడుంటాదప్పా," అన్నాడు నాయన. "ఇది కుక్క. అన్నం పెట్టేవాళ్లు ఎప్పుడొస్తారా అని కాసుకోనుండాది."

జనం మళ్లీ దానివైపు చూశారు. అందరికీ కుక్క కనిపించింది. అవ్వ కూడా చెయ్యి తీసేసింది. వారంలోగా ఆడపిల్లలు చాలామంది తిరిగొచ్చారు, కాలేజీ నిలబడింది. నాయన మెస్సులో అన్నం తిని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

మైకు మామ నాయన మాటలను ఒక్క ముక్క కోయకుండా వేశాడు. కాకపోతే కింద పేర్లు వేసేటప్పుడు నాయనను 'ప్రముఖ శిల్పి' అన్నాడు. వెనక తోక పట్టుకుని నిలబడ్డ నన్ను 'స్థానికుడు' అన్నాడు. ఖండన రాద్దామా అని మేడం నన్ను అడిగారు, వద్దన్నాను. ఇప్పటికీ ఎప్పుడైనా ఆ వీడియో తీసి చూస్తుంటాను. నూనె రాసి పక్కకు దువ్విన జుట్టుతో ఆ బక్క స్థానికుడు కెమెరాను మరిచిపోయి, ప్రముఖ శిల్పి వైపే నోరు తెరుచుకుని చూస్తుంటాడు.