నాయకుడి గోడ మీద మా కార్టూన్లు

మా సారు చనిపోయిన కబురు నాకు నాయకుడి ఫోటో కింద వచ్చింది. పొద్దున్నే ఫోను తెరిస్తే మా ప్రాంతపు నాయకుడు దండం పెడుతూ నిండుగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు కింద ఓ మూలన, తపాలా బిళ్ళంత జాగాలో మా సారు. "హాస్య ప్రపంచానికి తీరని లోటు" అని రాసి ఉంది. మూలనున్న మనిషికి ఏమైందో అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. నిజం చెప్పాలంటే మొదట ఏడుపు రాలేదు, రోత పుట్టింది.

పానగల్ పోయే దారిలో ఉన్న సారు ఇంటికి ఉరికాను. సారు భార్యను నేను మొదటినుంచీ అమ్మా అనే పిలుస్తాను. ఆమె నన్ను చూసి, "చూసినవా బిడ్డా, నేను నోరు తెరవకముందే గాయన ఏడ్సిండు. మా తమ్మునికి ఇంకా ఫోను గూడ కలవలే" అంది.

సారు బడిలో తెలుగు చెప్పేవారు. నల్గొండ నుంచి ఓ వ్యంగ్య మాసపత్రిక నడిపేవారు, ముప్పై ఏళ్ళకు పైగా. నేను దుకాణాల బోర్డులు రాసుకునే పెయింటర్ని. ఓ మిఠాయి దుకాణం బోర్డు మీద యజమాని బొమ్మ వేస్తూ, ఆయన పొట్ట ఎంత ఉందో అంతా వేశాను. ఆయన తిడుతుంటే దారిన పోతున్న సారు ఆగి, పొట్టను, బొమ్మను మార్చి మార్చి చూసి, "ఏం తప్పు గీసిండయ్యా? కొలిచినట్టున్నది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నాకాడికి రా బిడ్డా. తిట్లు గివే ఉంటయి గని జర ఇజ్జత్ ఉంటది" అన్నారు. ఆ రోజు నుంచి పత్రికకు బొమ్మలన్నీ నావే.

సారుకు ఒక పద్ధతి ఉండేది. ఏ ముక్క రాసినా, ఎవరు పంపినా, అచ్చుకు పోయే ముందు అమ్మకు చదివి వినిపించాలి. ఆమె వాకిట్లో పళ్ళెం ముందర పెట్టుకొని గోకరకాయలు, అదే గోరుచిక్కుళ్ళు, తుంచుతూ ఉండేది. వింటున్నట్టు కనిపించేది కాదు. సారు చదివేవారు, చదువుతూ ఆమె చేతుల వంకే చూసేవారు. చేతులు ఆగితే ఆ ముక్క అచ్చుకు పోయినట్టే. ఆగకపోతే ఎంత పేరున్నవాడు రాసినా కొట్టేసేవారు. ఓసారి నేను, "అమ్మ నవ్వింది కద సారూ, చాలదా?" అని అడిగాను. "నవ్వుదేమున్నది బిడ్డా, మర్యాదకు గూడ నవ్వుతరు. చేతులకు మర్యాద తెల్వది" అన్నారు.

ఆమె చేతులు చాలాసేపు ఆగిపోయిన బొమ్మ ఒకటుంది. దేవరకొండ వైపు ఓ పల్లెలో ఈ నాయకుడే మంచినీళ్ళ ట్యాంకు ప్రారంభించాడు. అక్కడి ఫ్లోరైడు నీళ్ళు ఎలాంటివో మా జిల్లాలో చెప్పక్కర్లేదు, నోట్లో పళ్ళు చూస్తే తెలుస్తుంది, కాళ్ళు చూస్తే తెలుస్తుంది. నాయకుడు రిబ్బను కత్తిరించి, నల్లా తిప్పి, అందరూ చూస్తుండగా కారులోంచి తెచ్చుకున్న సీసా నీళ్ళు తాగాడు. నేను దాన్నే గీశాను. చేతిలో కత్తెర, చంకలో సీసా. పక్కన మోకాళ్ళు వంగిపోయిన ఓ ముసలమ్మ, ఖాళీ బిందెతో. ఆ ముసలమ్మను పెట్టమన్నది సారే. "సీసా ఒక్కటే గీస్తే నవ్వొస్తది. గా ముసల్ది ఉంటే ఆ నవ్వు గొంతుల పడ్తది" అన్నారు.

ఆ సంచిక నార్కట్‌పల్లి చాయ్ హోటళ్ళలో గోడలకు అతికించుకున్నారు. నాయకుడి మనుషులు జీపేసుకొని వచ్చి నా రంగు డబ్బాలు నేలపాలు చేశారు. అక్కణ్ణుంచి సారు ఇంటికి పోతే, ఆయన వాళ్ళకు చాయ్ పోయించి, తలా ఒక సంచిక చేతిలో పెట్టి పంపారు. ఆ ధైర్యానికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

తర్వాత తెలంగాణ వచ్చింది. సారు పిల్లాడిలా సంబరపడ్డారు, వీధంతా పేలాలు పంచారు. అక్కడే మెత్తబడ్డారు కూడా. నేనేదైనా ఘాటుగా గీసుకొని పోతే, "మనోళ్ళే కద బిడ్డా, జర ఓపిక పడదాం" అనేవారు. ఆ ఓపిక ఏళ్ళకేళ్ళు సాగింది. పత్రికలో భార్యకు భయపడే మొగుళ్ళు, నిద్రపోయే గుమాస్తాలు మిగిలారు. వెనక అట్ట మీద నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చాయి. అప్పటికే ఫ్లెక్సీలొచ్చి నా బోర్డుల పని మింగేశాయి, ఇప్పుడు ఆ ఫ్లెక్సీల మీది నాయకుడి మొహాన్నే నా పత్రిక మీదా చూడాల్సి వచ్చింది. ఓ రోజు అమ్మ మెల్లగా, "ఈ నడుమ మీ సారు నాకు సదివి ఇనిపిస్తలేడు బిడ్డా" అంది.

నాయకుడు కొత్త ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచాడు. హాల్లోకి పోయి చూస్తే గోడ నిండా మేమే. పత్రికలో ఆయన మీద వేసిన కార్టూన్లన్నీ బంగారు రంగు ఫ్రేముల్లో, ఒక్కోదానిపైన ఒక్కో చిన్న దీపం. నాయకుడు సారు భుజం మీద చెయ్యేసి, "గిది నా ఫేవరెట్ సారూ, వచ్చినోళ్ళందరికి సూపిస్త" అన్నాడు. సీసా బొమ్మ. కత్తెర ఉంది, చంకలో సీసా ఉంది. ముసలమ్మ లేదు. ఫ్రేముకు సరిపోయేట్టు అటువైపు కోసేశారు.

సారు భోజనం చేయలేదు. ఇల్లు చేరాక, "ముసల్దాన్ని కోసేసిండు" అన్నారు అంతే. లోపలికి పోయి ఆ నెల సంచిక తెచ్చి, అమ్మ ముందు కూర్చొని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. నేను గడప దగ్గర నిలబడి విన్నాను. ఆమె చేతులు ఒక్కసారి కూడా ఆగలేదు. సారు పత్రిక మడిచి, "వానికి తోలు మందమైందనుకున్న. మనకే పదును పోయింది" అన్నారు. "ఇంక బందు పెడదామా సారూ?" అంటే, "నా పానం ఉన్నన్ని రోజులు పోనియ్యి, అలవాటైంది. నాతోని దీన్ని గూడ సాగనంపున్రి. వాని చేతుల మాత్రం పడనియ్యకున్రి" అన్నారు. అమ్మ తల ఊపింది. పత్రిక ఆమె పేరు మీదే ఉంది మరి.

సంతాప సభలో ఒక్కొక్కరూ లేచి, ఎవరినీ నొప్పించని సున్నితమైన హాస్యం అని సారును పొగిడారు. ఎవరినీ నొప్పించకపోవడం వ్యంగ్యానికి పొగడ్త ఎప్పుడైందో నాకు తెలియదు. దంతాలు ఊడిన పులిని చూసి ఎంత సాధువో అని మురిసిపోయినట్టుంది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నాయకుడే. చివరికి మైకు తీసుకొని, పత్రికను ఇకనుంచి తానే నడిపిస్తానని ప్రకటించేశాడు.

దినాలు అయిపోయిన వారానికి మందీ మార్బలంతో ఇంటికొచ్చాడు. స్మారక సంచిక అప్పుడే తయారు చేయించి వెంట తెచ్చాడు. అట్ట మీద సీసా బొమ్మ, ఆయన గోడ మీద ఉన్నది ఉన్నట్టు. అమ్మ వాకిట్లో గోకరకాయలు తుంచుతోంది. నేను పక్కనే ఉన్నాను.

"ఒక్క సంతకం పెట్టున్రి అమ్మా, సారు పేరు నిలబెడ్త. ఇనున్రి, ఎట్లున్నదో" అంటూ కుర్చీలో కూర్చొని తానే చదవసాగాడు. ప్రతి జోకుకూ ముందు తను నవ్వాడు, తర్వాత ఆయన మనుషులు నవ్వారు. నేను సారు చూసినట్టే ఆమె చేతుల వంక చూశాను. కాయ తీయడం, ఈనె లాగడం, తుంచడం, పళ్ళెంలో వేయడం. చదవడం అయిపోయింది. చేతులు ఆగలేదు.

ఆమె తలెత్తకుండా అట్ట వైపు చూపించి, "గా బొమ్మల ముసల్ది ఉండాలె. ఏది?" అంది.

నాయకుడు అట్టను దగ్గరికి తీసుకొని చూశాడు. తిప్పి చూశాడు. నటన కాదు, ఆయనకు నిజంగానే తెలియదు.

"ఏ ముసల్ది అమ్మా?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

ఎవరూ నవ్వలేదు. ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసి, "సంతకం నేను పెట్టను. పోయి రాన్రి" అంది. కార్లు వెళ్ళిపోయాయి, లేచిన దుమ్ము అణిగింది. సారు కూర్చునే చోటు వైపు తిరిగి ఆమె అలాగే ఉండిపోయింది, సగం తుంచిన గోకరకాయ ఇంకా వేళ్ళ మధ్యనే ఉంది.