కొట్టినోళ్ళకు సంగటి

అనంతపురంలో మా వీధి మలుపు దగ్గర కొత్తగా ఒక హోటలు పెట్టారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు అని ఎర్ర అక్షరాల బోర్డు. మధ్యాహ్నం కాకముందే ధనియాలూ ఎండుకొబ్బరీ వేయించిన వాసన రోడ్డంతా పరుచుకుని, స్కూటర్ల మీద పోయేవాళ్ళ చేత కూడా ఒకసారి తల తిప్పిస్తుంది. ఆ వాసన తగిలితే అందరికీ ఆకలి అవుతుందేమో గానీ నాకు నవ్వొస్తుంది. మా చిన్నతనంలో ఇంకొకరి ఇంట్లో ఇలాంటి భోజనం దొరకాలంటే దుడ్లు అక్కర్లేదు, ఎవరినో ఒకరిని కొడితే చాలు. అబద్ధం కాదు, ఒట్టు.

మాది ముదిగుబ్బ అవతల, వాన తప్ప అన్నీ వచ్చిపోయే ఊరు. ఎటు చూసినా చెనక్కాయ చేలు, గొర్రెల మందలు, ఎర్రమట్టి, మధ్యలో పెంకుల కప్పుతో మా బడి. ఆ బడిలో చదువుకంటే దెబ్బలాటలే ఎక్కువ. పలకతో నెత్తిన ఒకటి, జడ పట్టి లాగి వీపున ఒకటి, ఆటలో ఓడినందుకు ఒకటి, గెలిచినందుకు ఇంకొకటి. అందరికంటే ఎక్కువ తిన్నది రూతు. ఊరవతల గేరి అనే వాడలో, చిన్న చర్చి పక్క నుంచి వచ్చే బక్కపిల్ల. ఎవరికి ఎవరి మీద కోపమొచ్చినా దారిలో ఎదురైన రూతుకు ఒకటి తగిలించి పోయేవాళ్ళు. ఎందుకు కొట్టినావని అడిగే దిక్కు లేదు.

అప్పుడు నారాయణప్ప సారు వచ్చాడు. చేతిలో బెత్తం లేని సారును మా ఊరు చూడటం అదే మొదలు. కొన్నాళ్ళు ఏమీ మాట్లాడకుండా అంతా గమనించి, ఒకరోజు ప్రార్థన కాగానే చెప్పాడు.

“ఇంగ మీదట ఎవురు ఎవుర్ని కొట్టినా నేనేమీ అనను. కొట్టినోళ్ళు ఆ పొద్దు మాపటికి, కొట్టిచ్చుకున్నోళ్ళ ఇంట్లో సంగటి తినాల. అంతే. ఉప్పు తిన్న ఇంటి బిడ్డ మీద మల్లా చెయ్యెట్ల లేస్తాదో నేనూ చూస్తా.”

ఆ రూలుకు మొదట చిక్కినవాడు గొర్రెల సుంకన్న. నా జడను కిటికీ చువ్వకు కట్టి, వీపున ఒకటి చరిచాడు. అది ఉగాది మరునాడు. సాయంత్రం తల వంచుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. మా అవ్వకు నోరు పెద్దది, పెట్టే చెయ్యి అంతకంటే పెద్దది. వాడిని తాత ముత్తాతలతో కలిపి తిడుతూనే పండక్కి చేసిన ఓళిగ మీద నెయ్యి పోసింది. ఇంత బక్కోడివి, కొట్టాలంటే బలముండల్ల కదరా అంటూ ఇంకొకటి వేసింది. వాడు మర్నాడు బడంతా చాటింపు వేశాడు.

ఇక చూసుకోండి, నా వీపుకు తీరిక లేదు. మా ఇంట్లో అలసంద వడలు వేస్తున్నారని తెలిస్తే ఒక దెబ్బ, చేలో పెరికిన పచ్చి చెనక్కాయలు ఉప్పేసి ఉడకబెడితే ఇంకొకటి, అవ్వ ఊరుబిండి పచ్చడి నూరిన రోజు ఇద్దరు ముగ్గురు కలిసి. నేను మాత్రం తక్కువ తిన్నానా? సుంకన్న వాళ్ళింట్లో గొర్రెలు ఈనాయని తెలియగానే వాడి వీపున ఒకటి వేసి జున్ను తిని వచ్చాను. రాను రాను దెబ్బలు ఎంత తేలికయ్యాయంటే, వేలితో అలా తాకి “సార్, కొట్టినా” అని చెప్పుకునేవాళ్ళం. సారు తల పట్టుకున్నాడు. కానీ నిజమైన దెబ్బలు మా బడిలో మాయమయ్యాయి.

రూతును మాత్రం ఎవరూ ముట్టలేదు. ముట్టుకుంటే గేరిలో తినాలి. గేరిలో తిన్నట్టు ఇంట్లో తెలిస్తే వీపు చీరేస్తారని భయం. ఆ పిల్ల ఎదురొస్తే దారి వదిలి జరిగేవాళ్ళు. రూతు మీద ఈగ కూడా వాలడం లేదని సారు ముచ్చటపడ్డాడు.

ఒక మధ్యాహ్నం బడి వెనక నీడలో కూర్చున్నప్పుడు, రేపటి నుంచి బడికి రానని రూతు నాతో చెప్పింది. అమ్మతో పాటు చెనక్కాయలు పెరకడానికి పోతుందట. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. సారు పెట్టిన రూలు విన్న రోజే వాళ్ళమ్మ సారమ్మ ఒక కోడిపెట్టను వేరుగా మేపడం మొదలుపెట్టింది, తినడానికి వచ్చే బిడ్డకు కూర చేయాలని. కూలి నుంచి రాగానే రోజూ ఆమె అడిగే మాట ఒకటే, ఈ పొద్దన్నా నిన్ను ఎవరన్నా కొట్టినారా అని. లేదని చెప్పి చెప్పి రూతుకు విసుగొచ్చింది. ఆ కోడి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని కూడా చేసింది, ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు.

“కొట్టేటప్పుడన్నా నన్ను తాకుతాండిరి,” అంది రూతు. “ఇప్పుడు అదీ లేదు.”

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు, ఎవరి మీదో తెలియని కోపమొచ్చింది. దాని చెయ్యి పట్టుకుని సారు ముందుకు లాక్కుపోయి, అందరూ చూస్తుండగా వీపున ఒక్కటి వేశాను. “సార్, రూతును కొట్టినా” అన్నాను. రూతు చేత్తో నోరు మూసుకుని నవ్వుతోంది. సారు మా ఇద్దరి వంకా చూసి, మాపటికి పొమ్మన్నాడు.

ఇంట్లో చెప్పగానే, ఊరు ఏమనుకుంటుందోనని నాయన గొణిగాడు. అవ్వ చెరుగుతున్న చాట పక్కన పెట్టింది. ఊర్లో పిల్లోళ్ళందరికీ నేను పెడితే ఊరేమీ అనుకోలేదే, మన బిడ్డకు ఒకరు పెడతామంటే అనుకుంటుందా అని ఆయన నోరు మూయించింది. నా తలకు నూనె రాసి జడ వేసి, “ఆయమ్మ పెట్టింది పెట్టినట్టు తిని రా. ముద్ద మిగిలిస్తే ఈ గడప తొక్కనియ్యను” అని పంపింది.

సారమ్మ బొంత మడిచి వేసి నన్ను కూర్చోబెట్టింది. నా గడ్డం పట్టుకుని, “నువ్వేనా మా పాపను కొట్టింది? నీ చెయ్యి సల్లగుండ” అంది. తడి చేత్తో సంగటి ముద్ద కట్టి, నడుమ గుంట చేసి, పొగలు కక్కే పులుసు పోసింది. కారానికి నా ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. గేరిలోని ఆడవాళ్ళంతా వాకిట్లో నిలబడి నా నోటినే చూస్తున్నారు. నేను రెండో ముద్ద అడిగాను. ఇంకో ముద్ద అడిగిందని సారమ్మ పక్కింటామెకు చెప్పింది, ఎదురింటామెకు చెప్పింది, చివరికి నాకు కూడా చెప్పింది.

మర్నాడు రూతు బడికి వచ్చింది. ఆ పులుసును నేను ఎంత వర్ణించానంటే, మధ్యాహ్నానికల్లా సుంకన్న ముందు, మిగతా బడంతా వాడి వెనక, రూతును తాకడానికి పరుగులు. రూతు అందకుండా ఉరుకుతూ, నవ్వుతూ, ఎర్రమట్టి లేపింది. విషయం తెలిసి సారమ్మ వచ్చి, పెట్ట నిన్నటితో అయిపోయిందనీ, కోడిపిల్లలు పెద్దగయ్యేదాకా ఆగమనీ సారును వేడుకుంది. ఆ రోజే సారు రూలు తిరగేశాడు. ఇక మీదట కొట్టినవాళ్ళను ఎవరూ భోజనానికి పిలవరు, కొట్టనివాళ్ళు ఎవరింటికైనా పోవచ్చు. మా పిల్లోళ్ళు గేరిలో తినాలా అని కొందరు పెద్దలు కొట్లాటకు వచ్చారు. మా అవ్వ బడి గడపలో కూర్చుని నోరు విప్పింది, వచ్చిన దారినే పోయారు.

ఇప్పుడు ఆ బడి లేదు, పిల్లలు చాలక మూసేశారు. సారు లేడు, అవ్వ లేదు. మా పాప చదివే బడిలో పిల్లలను కొట్టరాదని గోడ మీద రాశారు, వరండాలో కెమెరాలు పెట్టారు. మంచిదే, ఏ బిడ్డ మీదా దెబ్బ పడకూడదు. కానీ ఒకరి క్యారియర్‌లో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని కూడా చెప్పారు, అది వినేసరికి నాకు ఒళ్ళు మండింది. పక్కన కూర్చునే పిల్ల ఇంట్లో ఏం వండుకుంటారో మా పాపకు తెలియదు.

మొన్న ఆదివారం ఆ హోటలు దాటుకుని పాపను కొత్తచెరువులో రూతు ఇంటికి తీసుకుపోయాను. రూతు అక్కడ టీచరు, సారమ్మ కూతురి దగ్గరే ఉంటోంది. చూపు బాగా తగ్గింది. మా పాప బుగ్గలు రెండు చేతులతో తడిమి, “ఎవుర్ని కొట్టి వచ్చినావు తల్లీ?” అని అడిగింది.

పాప బిక్కమొహం వేసి నా వైపు చూసింది. “ఎవరినీ కొట్టలేదవ్వా.”

“కొట్టకుండానే వచ్చినావా,” అంది సారమ్మ. కాసేపు ఆ చేతులు తీయలేదు. తర్వాత వంటింటి వైపు తిరిగి, “రూతూ, ఈ పాపకు రెండు ముద్దలు పెట్టు” అని కేకేసింది.