కుర్చీలో తీరిన మొక్కు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. మోకాలి నొప్పి ఎవరిదైనా నా దగ్గరున్న ఒక్క కాగితానికి లొంగి తీరుతుందని ఒకటి, ఆ కాగితంలో ఉన్నట్టు చేయని వాళ్ళంతా మొండిఘటాలని రెండోది. ఫిజియోథెరపీ చదువు ముగించి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో చేరి అప్పటికి నిండా ఆర్నెల్లు కాలేదు. (తెల్లకోటు ఇంటికి తెచ్చుకుని అద్దం ముందు వేసుకుని చూసుకునేదాన్ని. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.)

అలాంటి సమయంలో మా మేనత్త మోకాళ్ళ నొప్పులతో చల్లపల్లి నుంచి గుణదలలోని మా ఇంటికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే చూద్దును కదా, తలుపు రెక్క పట్టుకుని మూలుగుతూ గుంజిళ్ళు తీస్తోంది. వాళ్ళ పక్కింటావిడ చెప్పిందట. "నెప్పెట్టట్లేదా అత్తా?" అన్నాను హడలిపోయి. "నెప్పెడతానే ఉందే. నెప్పెడితేనేగా పన్జేసేది!" అంది. ఆ వేళే క్లినిక్‌కి తీసుకెళ్ళి, ఎక్స్‌రే తీయించి, మా సార్‌కి చూపించి, నా కాగితం చేతిలో పెట్టాను. గుంజిళ్ళు, మెట్లు, నేల మీద కూర్చుని లేవడం వద్దు. చదునుగా ఉన్న చోట ఓపికున్నంత నడక. కుర్చీలో కూర్చుని కాలు మెల్లగా ముందుకు చాచి, కాసేపు నిలిపి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు. నొప్పి పెరిగితే ఆపేయడం.

ఆశ్చర్యం, అత్త ఒక్క రోజు కూడా మానలేదు. రెండు నెలలు తిరిగేసరికి తనంతట తాను రైతుబజారుకి వెళ్ళి వంకాయలు ఏరుకుని వచ్చే స్థితికి వచ్చింది. నేను ఆ సంగతి క్లినిక్‌లో అడగనివాళ్ళని కూడా పిలిచి చెప్పాను. అంతలో గుణదల కొండ మీది మేరీమాత తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం అత్త పాత దుప్పటి మడతలు పెట్టి చిన్న మెత్తలు కుడుతూ కనిపించింది. ఎందుకని అడిగితే, "మోకాళ్ళకి కట్టుకోటానికే. నెప్పి తగ్గితే మోకాళ్ళ మీద కొండెక్కుతానని మాతకి మొక్కుకున్నాగా!" అంది తాపీగా.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నయమైన మోకాళ్ళని మళ్ళీ ఆ రాతిమెట్లకి అప్పజెబుతానంటోంది. "తగ్గించింది నా ఎక్సర్‌సైజులత్తా!" అని అరిచాను. (ఆ అరుపులో ఆమె మోకాళ్ళ మీద బెంగ ఎంతో, నా పేరు పోతోందన్న ఉక్రోషం కూడా అంతే.) "నీకు ఆ చదువు ఇచ్చిందెవరే? మాటిచ్చి తప్పితే నాకు నిద్రపట్టిద్దా?" అంది. ఇక లాభం లేదని, చర్చి ఫాదర్ గారి మాటైతే వింటుందని, ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన అంతా విని, "ఆ ఎక్సర్‌సైజు ఎట్టా చేస్తావో చెప్పమ్మా" అన్నారు. "కాలు చాపి ఒక ప్రార్థన చెప్పుకుంటానండీ. అయ్యాక దించి, జపమాలలో ఒక పూస జరుపుతా. పది పూసలకి ఈ కాలు, ఇంకో పదికి ఆ కాలు." ఇన్నాళ్ళూ ఆమె చేసింది నా కాగితం కాదన్నమాట! ఫాదర్ గారు నవ్వి, "మొక్కు మోకాళ్ళతోనే తీరాలి, అంతేగా? అయితే ఆ మొక్కు మార్చి ఇస్తున్నాను. కొండ వద్దు. ఆ కుర్చీ జపమే ఓపికున్నన్నాళ్ళూ రోజూ చెయ్యి" అన్నారు. అత్త వేళ్ళ మీద లెక్కేసుకుని, "ఇదే కష్టమండీ. కొండైతే ఒక్క పూటలో అయిపోయేది" అని, అయినా సరేనంది.

తిరునాళ్ళ రోజు ఆ మొక్కు మొదలెట్టడం మాత్రం కొండ కిందేనని పట్టుబట్టింది. ఆటోలో మా ఇంటి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వెళ్ళాం. అంత జనంలో, మెట్లకి ఎదురుగా కుర్చీ వేసుకుని, అత్త కళ్ళు మూసుకుని కాలు చాచింది. పోయేవాళ్ళు ఆగి చూశారు. మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళెవరైనా చూస్తారేమోనని నేను సంచి పట్టుకుని పక్కకి తిరిగి నిలబడ్డాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. మెట్లు దిగితే కుడి మోకాలు కలుక్కుమంటోంది. ఏం చేయాలో నాకు తెలియంది లేదు, చేస్తే ఒట్టు. అత్త మాత్రం చల్లపల్లిలో తన ఇరవై పూసలూ ముగించుకుని రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది. "ఇయ్యాల చేశావా?" "టైం కుదర్లేదత్తా." (పేషెంట్లు ఈ మాట అంటే నేను ఎంతలా విరుచుకుపడేదాన్నో!) పోయిన నెల తెలిసినవాళ్ళతో తన పాత జపమాల నాకు పంపించింది. అప్పటినుంచి కుర్చీలో కూర్చుని కాలు చాస్తున్నాను. మూడో పూస దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ ఆ కొండ కింద కుర్చీయే కళ్ళలో మెదులుతుంది. ఆ రోజు ఆటోలో ఇంకో కుర్చీ కూడా వేసుకెళ్ళి, అత్త పక్కనే కూర్చుని ఉండాల్సింది.