చమోయ్ చెరువు కబురు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. చమోయ్ నోరు ఎలాంటిదని థాయ్‌లాండ్‌లో బాంగ్‌పకోంగ్ ఏటి ఒడ్డున అడిగితే ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. అంత నోరున్న మనిషి పక్క చెరువు ప్రయోంగ్‌తో మాత్రం ఆరేళ్లుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన బాతులు గట్టు దాటొచ్చి ఈమె రొయ్యపిల్లల్ని మేసిపోయాయి. అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే మబ్బులు చూసుకుంటూ నడుస్తారు.

చమోయ్‌కి తన రొయ్యల చెరువులు తప్ప లోకం లేదు. మబ్బు పట్టిందంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు వెయ్యడం కాస్త ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలతాయి, పంట పోతుంది. అందుకని ఆమె ఎవరి పెళ్లికీ వెళ్లదు, పేరంటానికీ వెళ్లదు. ఒకప్పుడు ఆచారం కొద్దీ కొన్నాళ్లు బౌద్ధ సన్యాసం పుచ్చుకునే కుర్రాళ్లను గుడికి ఊరేగిస్తుంటే, ముందు నిలబడి ఆమె ఆడే ఆటకు డోలు వాళ్లు అలిసిపోయేవాళ్లు. ఇప్పుడు ఏరియేటర్ల చప్పుడుకే కాలు కదిపి సరిపెట్టుకుంటోంది.

చెల్లెలి కొడుకు సన్యాసం దగ్గర పడింది. ఈసారి ఆడి తీరాలనుకుంది చమోయ్. ఇంజినీరు కాందాను పిలిపించి గట్ల వెంబడి నీళ్లలో ఆక్సిజన్ కొలిచే చిన్న చిన్న పెట్టెలు కట్టించింది. బ్యాటరీ మీద బతికేవి కదా, వాటికి ఎప్పుడూ నిద్రే. కాసేపటికోసారి అన్నీ ఒకేసారి లేస్తాయి. ఒకటి కబురు చెబితే విన్నవన్నీ కలిసి అదే మాట ముందుకు పంపి మళ్లీ పడుకుంటాయి. క్షణంలో కబురు చమోయ్ ఫోన్‌కు చేరుతుంది. ఏరియేటర్ల స్విచ్చు మాత్రం మనిషే వెయ్యాలి.

"మధ్యలో ఒకటి చస్తే?" అని అడిగింది చమోయ్.

"మిగతావి మోస్తాయి పిన్నీ. ఎవరి నోట విన్నా కబురొక్కటేగా," అంది కాందా.

నమ్మకం కుదరక చమోయ్ ఒక పెట్టెను స్థలదేవత గూటికి కట్టించి, దేవతతో పాటు దానికీ రోజూ ఎర్ర సోడా నైవేద్యం పెట్టింది. చీమలు పట్టి అది కాస్తా చచ్చింది. కబుర్లు మాత్రం ఆగలేదు. అప్పుడు నమ్మింది.

ఊరేగింపులో ఆమె చేతులు పైకి లేచాయో లేదో, నడుము దగ్గర ఫోన్ మోగింది. రెండో చెరువులో ఆక్సిజన్ పడిపోతోంది. చెరువుల దగ్గర కాపలా పెట్టిన మరిది ఫోన్ ఎత్తడు. గట్టు మీద ఇంకా ఉండేది ప్రయోంగ్ ఒక్కడే. ఆయన నెంబరు ఆమె దగ్గర లేదు, ఉన్నా నోరు రాదు.

నూడుల్స్ బండి తోంగ్‌మాకు ఫోన్ చేసి, ఎవరైనా వెళ్లి స్విచ్చు వెయ్యమని ప్రాధేయపడింది. తోంగ్‌మా తింటున్నవాళ్లందరికీ అరిచి చెప్పింది. వాళ్లు తలో ఫోనూ తీశారు. రేవులో, మంగలి షాపులో, గుడి వంటశాలలో, విన్నవాళ్లంతా అదే మాట అందుకున్నారు.

పట్టులుంగీ ఎగగట్టి, ఎవరిదో బైకెక్కి చమోయ్ వచ్చేసరికి ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. ఒక్క రొయ్యా తేలలేదు. గట్టు నిండా జనం. వాళ్లకంటే ముందొచ్చిన ప్రయోంగ్ మోకాళ్ల దాకా బురదతో స్విచ్చు పక్కన కూర్చుని ఉన్నాడు. చమోయ్‌కి ఏడుపొచ్చింది.

"ముగ్గురు ఫోన్ చేశారు, ఇద్దరు కేకేశారు," అన్నాడాయన మబ్బులు చూస్తూనే. "నీ కబురు ఊరంతా తిరిగొచ్చింది. మనకి మధ్య ఉన్నది గట్టే కదమ్మా."

చమోయ్ కళ్లు తుడుచుకుని ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"నీ నెంబరు కొట్టన్నా," అంది. "నీ బాతులు ఇటొస్తే చెప్పడానికి కూడా పనికొస్తుంది."